మొక్కిన కోడికి అజీర్తి

మందుల కంపెనీలో పనిచేసేవాడంటే ఆ కాలంలో మా ఊళ్లో సగం డాక్టరు కింద లెక్క. (మిగతా సగం కొరత కంపెనీ వాళ్లిచ్చిన నీలం చొక్కా తీర్చేది.) షామీర్‌పేట వైపు, దేవరయాంజాల్ దాటాక ఉండే మా ఊరి నుంచి సైకిలు మీద మేడ్చల్ రోడ్డెక్కి, అక్కడ బస్సు పట్టుకుని, సుచిత్రలో దిగి, కిక్కిరిసిన ఆటోలో జీడిమెట్ల చేరేవాణ్ని. ఇంత ప్రయాణం చేసి నేను అక్కడ వెలగబెట్టేదల్లా గోలీల డబ్బాల మీద చీటీలు వంకర లేకుండా అంటించడం. ఆ గోలీలు ఏ రోగానికో నాకు తెలియదు. ఒకసారి అడిగితే సూపర్‌వైజరు "నీకెందుకుర అయ్యన్నీ, చీటీ సూడు" అన్నాడు. అయినా జేబు మీద కంపెనీ పేరు కుట్టిన ఆ చొక్కాతో ఊళ్లో అడుగుపెడితే చాలు, దగ్గులూ జ్వరాలూ నాకు ఎదురొచ్చేవి. నేనేమన్నా తక్కువవాణ్నా! చెయ్యి పట్టుకుని, కళ్లు సగం మూసి, "వేడి జేసింది. నీళ్లు బాగ తాగాలె" అనేవాణ్ని. ఎండాకాలంలో ఆ మాట అందరికీ సరిపోయేది. వానలు పడ్డాక "సల్వ జేసింది, నీళ్లు కాసి తాగాలె" అని మార్చేవాణ్ని. ఊరంతా "గోలీల సారు" అని పిలుస్తుంటే లోపల్లోపల మురిసిపోయేవాణ్ని.

అంతటి గోలీల సారు నౌకరీ మాత్రం ఇంకా పక్కా కాలేదు. బోనాల పండగ అయ్యాక ఎవర్ని ఉంచుకునేదీ ఎవర్ని ఇంటికి పంపేదీ చెబుతామని ఆఫీసులో అన్నారు. ఆ మాట చెవిన పడగానే మా అవ్వ, అంటే మా నాయనమ్మ, ఇంకెవర్నీ సంప్రదించలేదు. నేరుగా పోచమ్మ గుడికి పోయి, "మా పోరని నౌకరి నిలబెట్టు తల్లీ, ఈ బోనాలకు నా ఎర్రకోడిని నీకిస్త" అని మొక్కి వచ్చింది. మొక్కిన కోడి ఇక మన కోడి కాదు, అమ్మ కోడి. దాన్ని అమ్మకూడదు, కొట్టకూడదు, గట్టిగా అదిలించకూడదు. మా బాపు, ఇంటి యజమాని, అది గడపకు అడ్డంగా కూర్చుంటే పెరటి గుమ్మం నుంచి తిరిగి వచ్చేవాడు. ఆ ఇంట్లో నాకంటే ముందు ఉద్యోగం పర్మినెంటు అయింది ఆ కోడికే.

పదవి వచ్చాక కాలు ఇంట్లో నిలవదు కదా. మా పొలాల అంచున కొత్తగా లేచిన కాలనీలో, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి గృహప్రవేశం చేశాడు. భోజనాలయ్యాక మిగిలిన పులిహోరా విస్తళ్లూ గోడ వెనక పోశారు. మా ఎర్రకోడి పోయి ఆ పులిహోరను, కింద పడ్డ విస్తరాకు పీచుతో సహా, రేపు లేదన్నట్టు మెక్కి వచ్చింది. మర్నాడు పొద్దున చూస్తే మెడ కింద మేత సంచి బత్తాయంత ఉబ్బి, మెడ ముడుచుకుని, కళ్లు మూసుకుని ఓ మూల కూర్చుంది. బోనాలు వచ్చే ఆదివారమే.

"అరేయ్, గిటు రా జల్దీ!" అని అవ్వ పెట్టిన కేకకు నేను పళ్లపొడి నోట్లో ఉండగానే పరుగెత్తాను. "మొక్కిన కోడి దాని సావు అది సస్తే అమ్మ ఊకుంటదా? నీ నౌకరి మీదికే వస్తదిరా. ఏమన్న మందు జెయ్యి. గోలీల కంపిన్ల జేస్తవు గద!"

ఇంతవరకూ చచ్చేంత జబ్బుతో రోగులెవరూ నా దగ్గరికి రాలేదు. అయినా చొక్కా గౌరవం కాపాడాలి కదా, కోడి రెక్క పట్టుకుని, కళ్లు సగం మూసి, "నీళ్లు బాగ తాగాలె" అన్నాను. అవ్వ నా మాట మీద నమ్మకంతో మధ్యాహ్నం దాకా ముక్కు విడదీసి చెంచాతో నీళ్లు పోసింది. సాయంత్రం నేను వచ్చేసరికి గట్టిగా ఉన్న సంచి నీళ్ల తిత్తిలా ఊగుతోంది. కోడి నన్ను చూసి తల తిప్పుకుంది.

అప్పుడు బాపు రంగంలోకి దిగాడు. "గిదేం వైద్యంరా? తలకిందులు బట్టి గుంజితే అంత బయటికి రాదా?" అని కాళ్లు పట్టి ఎత్తి, నన్ను ముందు నిలబడి గొంతు నిమరమన్నాడు. నిమిరాను. నిన్నటి గృహప్రవేశం పుల్లటి కంపుతో సరిగ్గా నా జేబు మీద, కంపెనీ పేరు మీద పడింది. కోడి ఉక్కిరిబిక్కిరై రెక్కలు కొట్టుకునేసరికి అవ్వ బాపు చేతిలోంచి దాన్ని లాక్కుని, "సంపుతవా ఏంది దాన్ని!" అని కొంగులో చుట్టుకుంది. (చొక్కా ఉతికినా ఆ వాసన పోలేదు. మర్నాడు ఆటోలో నా పక్కన మస్తు జాగా దొరికింది.)

పొద్దున్నే అవ్వ నన్ను తోడు తీసుకుని కోడిని పశువుల దవాఖానకు మోసుకుపోయింది. అక్కడి డాక్టరు ఏదో రాసుకుంటూ, తలెత్తకుండానే "బర్రెనా, మేకనా?" అన్నాడు.

"కోడి సారూ."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఒక్క కోడి కోసం ఇంత దూరమొచ్చినవా అవ్వా? కోసి కూర వండుకోక!"

"కోస్తం సారూ, ఎందుకు కొయ్యం! ఆదివారం కోస్తం. అందాక బతికియ్యి."

డాక్టరు అంత చదువు చదివాడు గానీ ఈ ప్రశ్న ఏ పరీక్షలోనూ వచ్చినట్టు లేదు. కాసేపు అవ్వను, కాసేపు కోడిని, ఆఖరికి నా నీలం చొక్కాను చూసి, "ఇంట్ల డాక్టరే ఉన్నడు గదా" అని మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టాడు. నాకు ఎక్కడన్నా దూరి దాక్కోవాలనిపించింది.

కబురు కాలనీకి పాకింది. బ్యాంకు ఉద్యోగి భార్య, మేం పులిహోర ఆంటీ అని పిలుచుకునేవాళ్లం, హోమియో సీసా పట్టుకుని స్వయంగా వచ్చేసింది. "మా పులిహోరలో ఏ దోషమూ లేదండీ బామ్మగారూ. బంధువులంతా తిన్నారు, ఒక్కరికీ కడుపునొప్పి రాలేదు. ఇది కోడి ప్రకృతి. పొద్దున మూడు, సాయంత్రం మూడు వెయ్యండి. వేసే ముందు కాఫీ మాత్రం ఇవ్వకండేం" అంది. అవ్వ భక్తిగా తలూపి, "కాఫీ మేం గూడ తాగం బిడ్డా" అంది.

ఇక అప్పట్నుంచి ఆ కోడికి తీరిక లేదు. ఆంటీ తెల్ల గోలీలు, అవ్వ ఆముదం, మధ్యలో ఊళ్లోవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు. అవ్వ గింజ మేత పెట్టకుండా, ఒళ్లో కూర్చోబెట్టుకుని మెడ కింద గోరువెచ్చటి గుడ్డతో పొద్దస్తమానం నిమిరేది. "తగ్గుతదిలే బిడ్డా, మల్ల తిరుగుతవులే" అని దానితో ముచ్చట్లు పెట్టేది. నాకు జ్వరమొస్తే కూడా అంత సేవ జరిగిన గుర్తు లేదు. కోడికీ అలవాటైపోయింది. దగ్గరికి ఎవరొచ్చినా మందే అనుకుని నోరు తెరిచేది.

శనివారం పొద్దున చూస్తే వాపు లేదు! సంచి మెత్తగా, ఖాళీగా ఉంది. కోడి వాకిట్లో గట్టిగా రెట్ట వేసి, మా అందరినీ ఓసారి చూసి, గింజల కోసం కాళ్లతో మట్టి గీకింది. అంతే, వైద్యులంతా లేచారు. తలకిందులు పట్టినందుకే అన్నాడు బాపు. మూడో డోసుకే గుణమిస్తుందని నాకు ముందే తెలుసండీ అంది ఆంటీ. నేను మాత్రం ఊరుకుంటానా? నీళ్ల ప్రభావం కాస్త ఆలస్యంగా కనిపిస్తుందని చెప్పాను. అవ్వ ఎవరితోనూ వాదులాడలేదు. ఆ రోజంతా ఆమె ముఖంలో కళ లేదు. కోడి బాగైన సంతోషంలో మేమెవరమూ అది పట్టించుకోలేదు.

ఆదివారం డప్పులతో బోనం గుడికి చేరింది. మా దిక్కు ఒక పద్ధతి ఉంది: కోసే ముందు కోడి మీద వేపమండతో నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తకూడదు. అవ్వ కోడిని కొంగు కప్పి చంకలో పట్టుకుని నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. బాపు కత్తి పక్కన పెట్టి నీళ్లు చల్లాడు. కోడి కదల్లేదు. మందనుకుని నోరు తెరిచింది. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. మళ్లీ చల్లాడు. మళ్లీ నోరు తెరిచింది. చెంబెడు నీళ్లు గుమ్మరించినా అంతే.

"అమ్మకు మనసు లేదు" అని అవ్వ అందరికీ వినబడేలా చెప్పింది. "బోనం కుండ నిండ పెరుగన్నం ఉన్నది. ఆమెకు అది సాలు."

కోడి బతికింది సరే, నా ఉద్యోగం సంగతేమిటి? అడుగుదామని వంగేసరికి కొంగు కాస్త తొలిగింది. లోపల అవ్వ రెండు చేతులూ కోడి రెక్కల్ని ఒంటికేసి బిగించి పట్టుకున్నాయి. వేళ్ల కణుపులు తెల్లగా పాలిపోయాయి. అంత పట్టులో కోడి కాదు కదా, ఎద్దు కూడా విదిలించలేదు.

"అవ్వా... నా నౌకరి?" అన్నాను.

"నీ నౌకరి ముచ్చట అమ్మతోని నేను మాట్లాడుకుంట. నువ్వు నోరు మూసుకో."

మూసుకున్నాను. ఆ పండగ పూట కోడికూర లేక బాపు గొణుక్కుంటుంటే, ఆంటీ గిన్నెడు పులిహోర పంపింది. బాపు తిన్నాడు. అవ్వ మాత్రం కోడిని గంప కింద మూసి, గిన్నె ఖాళీ అయ్యేదాకా బయటికి రానివ్వలేదు.

పండగ అయ్యాక కంపెనీలో నన్ను ఉంచుకున్నారు. చీటీలు నా అంత తిన్నగా అంటించేవాడు లేడని సూపర్‌వైజరు అన్నాడు. ఇంటికొచ్చి చెబితే అవ్వ కళ్లు తుడుచుకుని, "చెప్పలే? నేను మాట్లాడిన" అంది. ఎర్రకోడి ముసలిదై, కాళ్లు గరుకెక్కి, దాని సావు అదే చచ్చింది. అమ్మ ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఎవరైనా మందు అడిగితే డాక్టరు దగ్గరికి పొమ్మంటున్నాను. (అలా చెప్పే జ్ఞానం రావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది లెండి.) గుళ్లో పూజారి నీళ్లు చల్లినప్పుడు మాత్రం చేతులు ఒంటికి బిగించుకుని, ఒళ్లు ఇసుమంత కూడా కదలకుండా నిలబడతాను. మా ఆవిడ చూసి నా భక్తికి మురిసిపోతుంది. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టేనన్న సంగతి నేను చెప్పను. గట్టిగా పట్టుకోవడానికి ఇప్పుడు అవ్వ లేదు. ఆ పనేదో నేనే చూసుకోవాలి కదా.