నా తల చెప్పిన ఇంగ్లీషు పాఠం

కొత్తగా అమెరికాలోని ఇర్వింగ్‌కి వచ్చిన ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. నాకు ఇంగ్లీషు బాగా వచ్చు, ఇంకొకరికి నేర్పడం అంతకంటే బాగా వచ్చు. ఉద్యోగం చేసే వీసా లేదు. బి.ఎడ్. చదివి ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. దగ్గర్లోని లైబ్రరీలో ఉచితంగా ఇంగ్లీషు నేర్పుతారని తెలిసి, నేనూ నేర్పుతానని పేరిచ్చాను. నాకు చూపించిన బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా వియత్నాం నుంచి వచ్చినవాళ్ళే. నా ఉత్సాహానికి ఆ బల్ల చాలేది కాదు. పాఠం మొదలయ్యాక నేను కూర్చున్నట్టు గుర్తు లేదు.

వాళ్ళలో పెద్దావిడకి పుదీనా ఆంటీ అని పేరు పెట్టుకున్నాను. పెరట్లో కోసిన పుదీనా తెచ్చి అందరికీ తలో గుప్పెడు పంచేవారు. ఏళ్ళ తరబడి గోళ్ళకి రంగులు వేసే షాపులో పనిచేసి, ఆ రసాయనాల వాసనకి దగ్గు తెచ్చుకున్నారు. డాక్టరు ఆ పని మానేయమన్నాడు. ఒక స్కూలు వంటగదిలో ఉద్యోగం ఉంది కానీ ఇంటర్వ్యూ ఇంగ్లీషులో. "టీచర్, దిస్ జాబ్ ఐ వాంట్. కిచెన్ స్మెల్ గుడ్," అనేవారు దగ్గు ఆపుకుంటూ.

అందుకని 'టేక్' అనే క్రియ పట్టుకున్నాను. అది వస్తే సగం ఇంగ్లీషు వచ్చినట్టేనని నా సిద్ధాంతం. బస్సూ టేకే, ఫొటో కూడా టేకే, మందూ టేకే. (మన భాషలో మందు వేసుకుంటాం, వియత్నాం వాళ్ళ భాషలో తాగుతారు.) ఆంటీ మొదటిసారే "టేక్ మెడిసిన్" అన్నారు. ఆనందం పట్టలేక తలని ఈ భుజం నుంచి ఆ భుజానికి ఊపాను, కచేరీలో ముందు వరుస వాళ్ళలా. ఆంటీ మొహం వాడింది. "డ్రింక్ మెడిసిన్?" అన్నారు. పెద్దావిడని తప్పు అనడానికి నాకు నోరు రాదు. ఊ, ఇంకా చెప్పండి అన్నట్టు తల పైకీ కిందికీ ఆడించాను. బల్ల చుట్టూ అందరూ చకచకా రాసుకున్నారు.

వారాలు గడిచేకొద్దీ వింతగా వాళ్ళ ఇంగ్లీషు వెనక్కి నడిచింది. గో బస్, క్యాచ్ ఫొటో, డ్రింక్ మెడిసిన్. 'టేక్' అనడానికే జంకేవారు. నేను మరింత ఉత్సాహంగా నేర్పేదాన్ని.

ఇంటర్వ్యూ ముందు రోజు మా ఆయన నన్ను తీసుకెళ్ళడానికి తొందరగా వచ్చి, తలుపు దగ్గర నిలబడి పాఠమంతా చూశారు. కారు ఎక్కాక స్టీరింగ్ మీద వాలి ఒకటే నవ్వు.

"ఏమైంది?"

"నువ్వు అట్లా తల ఊపితే వాళ్ళకి నో అని అర్థం తెలుసా? కరెక్ట్‌గా చెప్పినప్పుడల్లా నో అంటున్నావ్. తప్పు చెబితే యెస్!"

"అయ్యయ్యో! కారాపండి!"

"ఇంకా స్టార్టే చేయలేదే బాబూ."

పార్కింగ్ లాట్‌లో పరుగెత్తాను. ఆంటీ కూతురి కారు అప్పుడే కదులుతోంది. అద్దం మీద దబదబా కొట్టాను. ఆంటీ అద్దం దించారు. తల అటూ ఇటూ ఊపి "దిస్ ఈజ్ యెస్! టేక్ మెడిసిన్, యెస్! టేక్ బస్, యెస్!" అని అరిచాను. ఆవిడ కూడా నాలాగే తల అటూ ఇటూ ఊపి చూశారు. తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వారు. "ఓ మై గాడ్ టీచర్! ఎవ్రీ వీక్ ఐ థింక్, దిస్ గర్ల్ సో హార్డ్ టు ప్లీజ్!"

మర్నాడు సాయంత్రం ఫోన్ చేశారు. "దే సే టేక్ ఎ సీట్. ఐ టేక్! దే సే, కెన్ యూ స్టార్ట్ మండే? ఐ డూ యువర్ హెడ్. లేడీ ఆస్క్, ఈజ్ దట్ నో? ఐ సే, నో నో, బిగ్ యెస్!"

ఉద్యోగం వచ్చింది. వంటగదిలో చాలా ఏళ్ళు పనిచేశారు. దగ్గు తగ్గింది. ఈ చలికాలంలో వయసు మీదపడి, నిద్రలోనే పోయారు.

ఇప్పుడు నేను కాలేజీలో పాఠం చెబుతాను. మెడ నిటారుగా ఉంచి "కరెక్ట్" అంటాను. అందరికీ అర్థమవుతుంది. పొరపాట్లు జరగవు. ఒక్కోసారి మాత్రం ఆ బల్ల దగ్గరి అమ్మాయిని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఏమీ సరిగ్గా నేర్పలేకపోయింది గానీ, ఇంకొకరికి ఒక్క మాట వచ్చిందంటే ఎంత సంబరపడిపోయేదో.