బోర్డు రాసిన కూలి

నిజాం పాలన చివరి రోజుల్లో నేను అమీర్‌పేట దుకాణాలకు బోర్డులు రాసేవాణ్ణి. అక్షరం రాసేటప్పుడు చెయ్యి వణికేది కాదు గానీ, కూలి అడగాలంటే నోరు పెగిలేది కాదు. ఒకసారి బట్టల దుకాణానికి ఉర్దూలోనూ తెలుగులోనూ పెద్ద బోర్డు రాశాను.

"ఎంతియ్యాలె?" అన్నాడు యజమాని.

మహా కళాకారుడిలా గొంతు సవరించుకుని, "మీ ఇష్టం" అన్నాను.

"మస్తు రాసినవ్ భాయ్!" అంటూ ఆయన నా మెడలో బంతిపూల దండ వేసి, చేతిలో కొబ్బరిచిప్ప పెట్టాడు. నేను ఆ దండతోనే పంజాగుట్ట దాకా ఊరేగుతూ ఇంటికి వెళ్ళాను.

రవికలు కుట్టి ఇల్లు నడిపే మా ఆవిడ, "కూలేది?" అంది. కొబ్బరిచిప్ప చూపించి, 'మీ ఇష్టం' అన్న సంగతి చెప్పాను. ఆమె కుట్టు మిషన్ ఆపి, నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి నడిచింది.

"అన్నా, బట్ట కొననీకి వచ్చినోళ్లు ఇష్టమున్నంత ఇస్తమంటే ఊకుంటవా? రంగుల పైసలు సుత మావే పోయినయి."

దండ తీయడం కూడా మరిచిపోయి, నేను ఆమె వెనక నిలబడి వీధిలోకి చూస్తున్నాను. ఆయన నవ్వేసి ఆమె అడిగినంతా ఇచ్చాడు.

కొన్నాళ్లకు పక్క దుకాణంవాడు పిలిచి, బోర్డు కొలతలు నాకు చెప్పాడు. "ధర అక్కతోని మాట్లాడుకుంట తియ్" అన్నాడు. నా పరువు పోయిందని బాధపడాల్సింది పోయి, నాకు ప్రాణం లేచి వచ్చింది.