ధ్రువం దగ్గర తగ్గిన అంకెలు

ఈ ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు మా అమ్మాయి లెక్కల నోటుపుస్తకంలో ఒక అంకె చెరిపింది. రబ్బరు వాసన నా కుర్చీ దాకా వచ్చింది. పొట్టును అరచేత్తో తుడిచి, పాత అంకె ఇంకా కనబడుతోందేమోనని పేజీని కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. నేనూ చూశాను. చెరిపిన చోటు కనబడితే దాని కింద ఏముందో చూడకుండా ఉండలేను. ఈ అలవాటు నాకు నూకరాజు మాస్టారి వల్ల వచ్చింది. ఆయన పోయి ఇవాళ్టికి పదహారు రోజులు.

మాస్టారు అనకాపల్లిలో మా కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. చీడికాడ వైపు చెరకు రైతు కొడుకు. ఆయన గొప్పవారని రాయను. రాస్తే ఆధారం అడిగేవారు. ఎమ్మెస్సీ చివరి ఏడు ఆయన నాకిచ్చిన ప్రాజెక్టు ఒక అంతరిక్ష నౌక పంపిన లెక్కల మీద. గ్రహాలన్నీ సూర్యుడి నడుము చుట్టూ దాదాపు ఒకే పళ్ళెంలో ఉన్నట్టు తిరుగుతాయి. అంతకుముందు పంపిన నౌకలు ఆ పళ్ళేన్ని వదిలి అంత పైకి పోలేదు. ఈ నౌక మాత్రం బృహస్పతి దాకా వెళ్ళి, దాని ఆకర్షణతో దారి మళ్ళి, సూర్యుడి ధ్రువాల మీదుగా సాగింది. అక్కడ సౌర పవనం, అంటే సూర్యుడి నుంచి వెలువడే కణాల ప్రవాహం, నడుము దగ్గరి కంటే దాదాపు రెట్టింపు వేగంతో, నిలకడగా వీస్తోందని తెలిపింది. మా ప్రశ్న వేరు. సుదూర నక్షత్రాల వైపు నుంచి వచ్చే విశ్వకిరణాలు ధ్రువాల మీదుగా సులువుగా లోపలికి దిగుతాయని చాలామంది ఊహించారు. అదే నిజమైతే నౌక పైకి వెళ్ళేకొద్దీ కిరణాల లెక్క బాగా పెరగాలి.

ఆ అంకెలు ఎవరైనా తీసుకోవచ్చు. నేను ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింట్లు తీయించి తెచ్చేదాన్ని. ఒకరు చదవాలి, ఇంకొకరు రిజిస్టరులో రాయాలి, రాసినవారు తిరిగి చదివి వినిపించాలి. అది మాస్టారి పద్ధతి.

“ఈ అంకె ఎవులు సెప్పేరమ్మా?” అని అడిగారు మొదటిరోజు.

“నౌక చెప్పింది మాస్టారూ.”

“నౌక కాదు. నౌకలో కిరణాలు లెక్కెట్టే డబ్బా సెప్పింది. అది బయల్దేరి ఎన్నేళ్ళయినాది? ముసలోళ్ళు సెప్పినవన్నీ నమ్మీత్తావేటి?”

“మీరు చెప్పినవి నమ్మొచ్చా?”

“నాను మరీ ముసలోణ్ణి” అన్నారు. నవ్వలేదు.

ఈ మాటలు సరిగ్గా ఇలాగే అన్నారని ప్రమాణం చేయలేను. నా జ్ఞాపకం మీద కూడా నాకు అంత నమ్మకం లేదు. నాకేం కావాలో మాత్రం బాగా గుర్తుంది. విశాఖపట్నంలో పరిశోధన సీటుకు ఇంటర్వ్యూ ఉంది. పైకి ఎగబాకే గ్రాఫు ఒకటి పట్టుకుని వెళ్ళాలి. నేను పెన్సిలుతో రాసిన అంకెలు అలాగే పెరిగాయి కూడా. ఒక సోమవారం రిజిస్టరు తెరిస్తే ధ్రువం దగ్గరి అంకెలన్నీ చెరిపి ఉన్నాయి. వాటి స్థానంలో మాస్టారి చేతిరాతతో, సిరాతో, అంతకన్నా చిన్న అంకెలు.

ల్యాబు అటెండరు అప్పలకొండను అడిగాను.

“మాస్టారేనమ్మా. సనివారం సాయంత్రం ఒక్కరే కూకుని సెరిపీసేరు. నాను టీ అట్టుకెళ్తే రిజిస్టరు మూసీసేరు. పెద్దోళ్ళ యవ్వారం, మనకెందుకు?”

మూసేశారన్న మాట నా మనసులో నాటుకుంది. టీ ఒలుకుతుందని మూసి ఉండవచ్చు. ఆ ఆలోచన నాకు చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది. కిరణాలు ధ్రువాల మీదుగా దిగుతాయన్న ఊహ ఆయనకు మొదటినుంచీ నచ్చదు కనుక తన మాట నెగ్గించుకోవడానికి నా లెక్క తగ్గించారనుకున్నాను. ప్రతి అంకెనూ అనుమానించమన్న మనిషి తనను మినహాయించమనలేదు కదా అని సమాధానపడ్డాను. రిజిస్టరు చున్నీ కింద పెట్టుకుని విభాగం హెడ్డు గారి గదికి వెళ్ళాను. దారిలో మాస్టారి బల్ల ఉంది. ఆయన ఏదో దిద్దుకుంటున్నారు. ఆయనను దాటుకుని వెళ్ళాను.

“ఈ సిరా ఎవరిది?” అన్నారు హెడ్డు గారు.

“మాస్టారిది సార్.”

“ఆయన్ని అడిగేవా?”

“లేదు సార్.”

ఆయన కూడా అడగలేదు. ఆ వారమే నా ప్రాజెక్టు ఇంకో లెక్చరరు చేతికి వెళ్ళింది. స్టాఫ్ అందరి ముందు మాస్టారిని ప్రాజెక్టు కాగితాలున్న బీరువా తాళం ఇమ్మన్నారు. ఆయన జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు.

నా కాగితాలు తీసుకుందామని ఆ బీరువా తెరిస్తే, నా ప్రింట్ల కింద ఇంకో కట్ట ఉంది. అవే రోజులకు, భూమి దగ్గర తిరిగే మరో నౌక లెక్కలు. ప్రతి కాగితం అంచున మాస్టారి భాగహారాలు. రెండు గంటలు కూర్చుంటే అర్థమైంది. ఆ కాలంలో సూర్యుడి అలజడి తగ్గుతూ వచ్చింది. అది తగ్గితే విశ్వకిరణాలు అన్నిచోట్లా పెరుగుతాయి, భూమి దగ్గర కూడా. నేను చూసి మురిసిన పెరుగుదలలో చాలా భాగం ధ్రువానిది కాదు, కాలానిది. మాస్టారు దాన్ని తీసేశారు. మిగిలింది కొంచెమే. పరిశోధకులు తేల్చిందీ అదేనని తర్వాత చదివాను. ధ్రువాల మీద అయస్కాంత క్షేత్రంలోని కల్లోలం కిరణాలను అనుకున్నంతగా దిగనివ్వడం లేదట.

గవరపాలెంలో మాస్టారి ఇంటికి వెళ్ళాను. మాస్టారు బట్టలు ఆరేస్తున్నారు.

“రామ్మా. రెండో కట్ట సూసేవా?”

“చూశాను మాస్టారూ. తప్పు చేశాను.”

“సెరపడం నా తప్పు. గీత కొట్టి పక్కన రాయాల. మీకు సెప్పిందీ నానే, సెయ్యనిదీ నానే.” చొక్కా దులిపి తీగ మీద వేశారు. “అనుమానపడ్డావు, మంచిదే. మా నాన్న బెల్లం దిమ్మలు మార్కెట్టుకి తెత్తే కొనీవోళ్ళు ఊచ గుచ్చి సూసీవోరు. లోపల ఎలాగుందో తెలియాల కదా. ఆయనకి ఒక్కనాడూ కోపం రాలేదు. కానీ ఆయన ఎదరే గుచ్చీవోరమ్మా.”

“హెడ్డు గారికి చెప్తాను.”

“సెప్పు. ఇంటాడని నాను అనుకోను.”

హెడ్డు గారు విన్నారు. “మంచిదేనమ్మా. కానీ ఇప్పుడు మళ్ళీ గైడుని మారిస్తే నీ వైవా ఆగిపోద్ది. ఇంటర్వ్యూ ఎప్పుడన్నావు?” అన్నారు. నేను తేదీ చెప్పాను. ఆ మాట మీదే బయటికి వచ్చేశాను. వైవాలో మాస్టారి అంకెలే చూపించాను. ప్రాజెక్టు అట్ట మీద గైడుగా ఇంకొకరి పేరు ఉంది. నాకు సీటు వచ్చింది. రిటైరయ్యే దాకా మాస్టారికి ఎవరూ ప్రాజెక్టు ఇవ్వలేదు, ఆయన అడగలేదు.

తర్వాత రెండు మూడుసార్లు కలిశాను. టీ ఇచ్చేవారు, పని గురించి అడిగేవారు. శక్తి సన్నగిల్లి నౌకను ఆపేశారని చెబితే, “ఆ డబ్బా బాగానే లెక్కపెట్టింది” అన్నారు. నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు. క్షమించి ఉంటారని నలుగురూ అంటారు. ఆధారం లేదు కనుక ఆ ఖాళీని నేను పూరించను.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. పిల్లల గ్రాఫులు మరీ చక్కగా వస్తే నమ్మను. ఏది పెరిగినా, మిగతా చోట్ల కూడా పెరిగిందేమో చూసిరమ్మంటాను. అనుమానం వస్తే ఆ పిల్లనో పిల్లాణ్ణో పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాను. వాళ్ళు లేనప్పుడు వాళ్ళ పని గురించి పైవాళ్ళకు చెప్పడం మానేశాను.