గోడవైపు తిప్పిన ఫాదర్

పోయిన వారం మా గోడౌన్‌కి పాత బొమ్మల బాగోగులు చూసే మేడమ్ ఒకావిడ వచ్చింది. ఫాదర్ గారి పటం కింది చెక్క మీద వేలు పెట్టి, "ఇదేంటి ఇంతలా అరిగిపోయింది? ఎవరో మాటిమాటికీ తిప్పినట్టుందే" అంది. మా ముదీర్, అంటే మేనేజరు, నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

మాది దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో పాత కాగితాలూ పటాలూ దాచిపెట్టే చోటు. బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుంది కాబట్టి అక్కడ నాది చదివే పని కాదు, మోసే పని. ఆ పటంలో ఉన్నది ఏ దేశపువాడో, ఎన్నో భాషలు నేర్చిన క్రైస్తవ గురువట. రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మ. దగ్గరికెళితే వెంట్రుకల్లాంటి గీతలే తప్ప మొహం ఉండదు. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఆ గీతలన్నీ కూడబలుక్కుని మనల్నే చూస్తాయి. చేతిలో మూసిన పుస్తకం, పేజీ పోకుండా మధ్యలో ఇరికించిన వేలు. మనం నోరు మూసుకుంటే మళ్ళీ చదువుకుందామన్నట్టు ఉంటాడు.

కరోనాకి అన్నీ మూసేసినప్పుడు కాపలాకి ఇద్దర్ని లోపలే ఉంచారు. నన్నూ, నాతో పనిచేసే నెల్లూరు చాచానీ. అరల గది తాళం ముదీర్ ఇంట్లో ఉండిపోయింది, ఫొటో కోసం బయటికి తీసిన ఫాదర్ మా గదిలో ఉండిపోయాడు. అదీ సరిగ్గా చాచా నమాజుకి నిలబడే వైపు గోడకి ఆనుకుని, నేలమీద. ఎదురుగా మొహం ఉంటే ఆయనకి నమాజు కుదరదు. పెట్టెల మధ్య ఆ బరువుని జరుపుదామంటే చోటు లేదు. అందుకని వేళకి ముందు దాన్ని ఉన్నచోటే గోడవైపు తిప్పి, కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి వెళ్ళేవాడు. ఆయన అటు వెళ్ళగానే నేను ఇటు తిప్పేసి, ఏమీ ఎరగనట్టు టీ కాచుకునేవాణ్ణి.

మొదటిసారి తడి చేతులతో అలాగే నిలబడిపోయాడు. "ఏందబ్బయా, ఇప్పుడే గదా తిప్పితిని?"

"సదువుకున్న పెద్దమనిషి చాచా. మొకం గోడకు పెడితె ఊకుంటడా?" అన్నాను.

లాక్‌డౌన్‌లో అదే నా సినిమా. పోను పోను చాచా నవ్వడం తగ్గించాడు, అన్నం తగ్గించాడు. పటం ముందు నిలబడి, "అయిదు నిముషాలు ఓర్చుకో ఫాదరూ" అని బతిమాలేవాడు. విమానాలు మొదలవగానే, ఊళ్ళో కడుతున్న ఇల్లు సగంలో ఉన్న మనిషి, పని వదిలేసి వెళ్ళిపోయాడు. "ఖలాస్ అబ్బయా, ఈ గదిలో ఇంక నేనుండలేను" అన్నాడు. నా పరాచికంతో ఒక మనిషి పొట్ట కొట్టానని ఇన్నేళ్ళూ లోపల ఒకటే గుచ్చుకునేది. ఫోన్‌లో పలకరించేవాణ్ణే గానీ, ఆ మాట ఎత్తేవాణ్ణి కాదు.

మేడమ్ వచ్చి వెళ్ళిన సాయంత్రం మేముండే రోలాలో బస్సు దిగి, మా బిల్డింగ్ మెట్ల మీదే కూర్చుని ఫోన్ చేశాను. "చాచా, అప్పుడు ఫాదర్‌ను తిప్పింది నేనే. మాఫ్ చెయ్యి."

అటువైపు పెద్ద నవ్వు. "తెలుసులేరా! నీ టీ చేతుల జిగురు ఫ్రేముకి అంటేది గదా. నీ సంబరం కోసరమే బెదిరినట్టు నటిస్తా ఉంటి."

ఇన్నేళ్ళ బరువు దిగిపోయింది. "మరి పని ఎందుకు ఇడిచిపెట్టినవ్ చాచా?"

నవ్వు ఆగింది. "పగలు తిప్పేది నువ్వు, సరే. తెల్లారి ఫజరు నమాజుకి నువ్వు నా కళ్ళ ముందరే గురక పెడతా పొణుకొనుంటివి. అప్పుడు తిప్పిందెవురబ్బయా?"

మర్నాడు పటాన్ని అరలో పెట్టడానికి నేనే మోశాను, కళ్ళు దించుకుని. చాచాకి మోకాళ్ళు పోయాయి, నాకు జుట్టు నెరిసింది. ఫాదర్ వేలు మాత్రం ఆ పేజీలోనే ఉంది. మాకు ఇన్నేళ్ళు గడిచాయి గానీ, ఆయన లెక్కలో చాచా అడిగిన ఆ అయిదు నిముషాలు ఇంకా కాలేదేమో.