తెర వెనక మోగిన ఆంప్లిఫయర్

ఇన్నేళ్లుగా దీన్ని మింగలేక కక్కలేక మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను గోదావరిఖని ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపరు నడిపేవాణ్ణి. పాటల పిచ్చి. ఇంట్లో వద్దంటున్నా వినకుండా పేరుమోసిన విదేశీ ఆంప్లిఫయర్ కొన్నాను. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. మా గని మనుషులకు మిషనంటే బరువే లెక్క. దాన్ని ఎత్తి చూసి 'అబ్బ!' అన్నవాళ్లే గానీ విని అన్నవాళ్లు తక్కువ.

మా బస్తీలో మెకానిక్ ఖాజా భాయ్ తన చేత్తోనే ఆంప్లిఫయర్లు చేసేవాడు. తేలికపాటి రేకు డబ్బాలు. నాదాన్ని చూసి, "ఉత్త పేరే అన్నా, పాటల ఏం ఫరక్ లేదు" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. అప్పుడే కాలనీ హాలుకు కొత్త ఆంప్లిఫయర్ కావాల్సొచ్చింది. పోటీ పెట్టి, గెలిచిన రకమే హాలుకు తెద్దామన్నారు. ఆ పని దొరికితే ఖాజా భాయ్ దుకాణం నిలబడుతుంది, లేకపోతే మూతే. నాకది తెలుసు. తెలిసే చేశాను.

ఆదివారం మా క్వార్టర్లో, ఏది మోగుతోందో కనబడకుండా చీర అడ్డం కట్టాం. అవే స్పీకర్లు, అదే పాట. చీర వెనక వైర్లు మార్చే పని నాది. నా మీద వాళ్లకు అంత నమ్మకం. మొదట ఖాజా భాయ్‌ది మోగించాను. తర్వాత నాదాని స్విచ్ నొక్కాను. ఎర్ర లైటు వెలిగి ఆరిపోయింది. మళ్లీ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చీర అవతల కూర్చున్నది నా గొప్పలన్నీ విన్నవాళ్లు. నేనేం చేశానో తెలుసా? మళ్లీ ఖాజా భాయ్ డబ్బాకే వైర్లు తగిలించి, సౌండు రవ్వంత పెంచాను. రోజంతా మిషన్ల మోతలో బతికే చెవులకు గట్టిగా మోగిందే మంచిది.

"రెండోదే, రెండోదే!" అని అందరూ అరిచారు.

"రెండోది నీదేనా అన్నా?" అని ఖాజా భాయ్ అడిగాడు.

"నాదే భాయ్."

"కసమ్‌సే, ఏం పల్కింది! గిట్లాంటిది నేను జన్మల చెయ్యలేను."

తను చేసినదాని చేతిలోనే ఓడిపోయి వెళ్లాడు. దుకాణం మూసి వాచ్‌మన్‌గా కుదిరాడు. నా మిషను రిపేరై వచ్చింది. దాని పేరు నిజమా, ఉత్తదా? ఎన్నిసార్లు విన్నా నాకు అంతుపట్టలేదు. అసలు ఆ రోజు నేను కాపాడుకున్నది దాని పరువునా, దాన్ని కొన్న నా తెలివితక్కువతనాన్నా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

పోయిన చలికాలం ఖాజా భాయ్ వచ్చాడు. జబ్బుతో సగమయ్యాడు.

"ఆ రోజు ఇన్నది మర్వలేకపోతున్న అన్నా. ఒక్కసారి ఇనిపియ్యి."

అదే పాట నా మిషను మీద పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇది గాదన్నా. గప్పుడు ఇన్నది వేరే ఉండె."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? గదిలో మేమిద్దరమే. తేలు కుట్టిన దొంగలా పాట ఆపేసి, అన్నాను:

"నీ చెవులు పోయినయ్ భాయ్."

"గంతేనేమో" అన్నాడు. నమ్మాడు. నెల తిరగకుండానే చనిపోయాడు. అందరితో పాటు నేనూ వెళ్లి మట్టిచ్చి వచ్చాను.

ఎవరిని క్షమాపణ అడగను? ఏ ముఖంతో అడగను? ఒక్కమాట మాత్రం బయటికి అననివ్వండి, గుండె కొంచెమైనా తేలికపడుతుంది. ఖాజా భాయ్, నీ చెవులు బాగానే ఉండె. ఆ రోజు రెండుసార్లూ మోగింది నువ్వు చేసిందే.