నాన్న ప్రసంగాన్ని నేను కుట్టేసిన ఆదివారం

ఆ రోజుల్లో మా ఇంట్లో కాగితానికి ఉన్న గౌరవం మనుషులెవరికీ ఉండేది కాదు. నాన్న పాస్టరు. సత్తెనపల్లి దగ్గర పల్లెలో మందిరం వెనకే మా ఇల్లు. ఊళ్ళో అందరూ ఆయన్ని అయ్యగారనీ, అమ్మని అమ్మగారనీ పిలిచేవారు. నన్ను మాత్రం ‘అయ్యగారి పిల్ల’ అనేవారు, అయ్యగారి కోడి, అయ్యగారి సైకిలు అన్నట్టుగా. నాన్న ప్రసంగాన్ని కాగితానికి ఒకవైపే, కుంకుడుకాయలంత అక్షరాలతో రాసుకునేవాడు. (కళ్ళజోడు పెట్టుకోమంటే నేనేమన్నా ముసలాణ్ణా అని కోపం. కాగితం తిప్పితే చెప్పేది మరిచిపోతానని భయం.) చెప్పడం అయిపోయిన ప్రసంగాలన్నీ మంచం కింద రేకు పెట్టెలోకి చేరేవి. అంటే నా దృష్టిలో, రెండోవైపు తెల్లగా ఉన్న బోలెడన్ని కాగితాలు ఊరికే పడి ఉన్నాయన్నమాట.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక శుక్రవారం మా క్రాఫ్టు టీచరు, “పనికిరాని వాటితో పనికొచ్చే వస్తువొకటి చేసి సోమవారం తీసుకురండి. అన్నిటికన్నా బాగున్నదాన్ని సత్తెనపల్లి ఎగ్జిబిషన్‌కి పంపిస్తాను” అంది. అప్పటిదాకా నన్నుగానీ, నా వస్తువులనుగానీ ఎవరూ ఎక్కడికీ పంపి ఎరగరు (కొట్టుకి తప్ప). నోట్‌బుక్ చెయ్యాలని ఆ క్షణమే తీర్మానించుకున్నాను. మర్నాడు నాన్న పక్క ఊళ్ళకు వెళ్ళాడు, ఆదివారం కోత పండుగకి అందరినీ పిలవడానికి. పండిన పంటలో మొదటి భాగం జనం మందిరానికి తెచ్చే రోజది, మాకు క్రిస్మస్ తర్వాత అంత పెద్ద పండుగ. అప్పటికే మా వరండాలో ఎండుమిరప బస్తాలు నాలుగు వచ్చి కూర్చున్నాయి.

రేకు పెట్టె తెరిచి పైనుంచి ముప్పై కాగితాలు తీశాను. ఒక్కొక్కదాన్నీ రాసినవైపు లోపలికి పోయేట్టు సగానికి మడిచాను. మడత బయటికి, విడి అంచులు కుట్టులోకి పెడితే పైకి అంతా తెల్లగానే కనిపిస్తుంది. (ఈ ఉపాయం నా సొంతం. ఇప్పటికీ నాకు దీని మీద గర్వమే.) బాగా తెల్లగా ఉన్నవి ముందుకి, పసుపు తిరిగినవి వెనక్కి పేర్చాను. పత్తి విత్తనాల కొట్లో ఇచ్చిన పాత కేలండరు అట్ట కత్తిరించి పైన పెట్టాను. బస్తాలు కుట్టే దబ్బనం, పురికొస పక్కింట్లో అడిగి తెచ్చి, ఉన్న బలమంతా పెట్టి కుట్టాను. కుట్టు మొదట్లో తిన్నగానే బయల్దేరింది గానీ మధ్యలో ఎందుకో మనసు మార్చుకుంది. పుస్తకం ఉబ్బినట్టుంటే చదునుగా అవుతుందని ఒక మిరపకాయల బస్తా కిందికి తోసేసి, హాయిగా పడుకున్నాను.

ఆదివారం పొద్దున మొదటి గంట కొట్టారు. నాన్న మంచం కిందినుంచి తల బయటికి పెట్టి, “ఏమే, పెట్టెలో పైనే పెట్టాను, ఇవాళ్టి ప్రసంగం ఏదీ?” అన్నాడు. అమ్మ, “నాకేం తెలుసండీ, నేనేమన్నా ప్రసంగాలు చెప్తానా?” అంది. నేను వెళ్ళి, బస్తా కిందినుంచి పుస్తకం లాగి తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఒక మడతలోకి తొంగి చూసి, అందులో తన అక్షరాలు గుర్తుపట్టి, కత్తెర అందుకున్నాడు. “రేపు బళ్ళో చూపించాలి నాన్నా” అని నేను భోరుమన్నాను. రెండో గంట కూడా కొట్టారు. నాన్న నా మొహం చూశాడు, కత్తెర చూశాడు, దాన్ని కిటికీలో పెట్టేసి పుస్తకాన్ని బైబిలు కింద పెట్టుకుని మందిరంలోకి నడిచాడు.

ఆవేళ మందిరం కిటకిటలాడుతోంది. నాన్న పుస్తకం ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, మడత పై సందులోంచి లోపలికి చూస్తూ మొదలుపెట్టాడు. మొదటి మడత ఆ రోజుదే. పంట గురించి రెండు మాటలు బాగానే నడిచాయి. రెండోది ఎవరి భూస్థాపన నాటిదో! “ఇవాళ మన మధ్య లేని మన ప్రియ సహోదరుడు…” అనేశాక గానీ నాన్నకి తెలియలేదు. జనం ఒకళ్ళనొకళ్ళు లెక్కచూసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న సంఘపెద్ద తన గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. నాన్న గబగబా ఇంకో మడతలోకి దూరి, “కాబట్టి నూతన దంపతులారా” అన్నాడు. అప్పటికి రాత్రంతా బస్తా కింద పీల్చుకున్న కారం ఆయన కళ్ళకి చేరింది. బొటబొటా నీళ్ళు కారాయి. జేబురుమాలుతో తుడుచుకున్నాడు. ఆ వేళ్ళకీ కారమే, ఇంకా కారాయి. అయ్యగారు ఏడవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళ వైపు ఒకరు ముక్కు చీదారు, ఆ వెనక మరొకరు. మైకు అక్కర్లేని గొంతు కాబట్టి ‘మైకు మామ్మ’ అని మేం పేరు పెట్టుకున్న ముసలామె గట్టిగా, “ఎవరు పోయారయ్యగారూ, చెప్పండీ!” అని శోకం మొదలెట్టింది. నేను బెంచీ కింద దాక్కోవడానికి చోటు వెతుక్కుంటున్నాను.

నాన్న పుస్తకం మూసేశాడు. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. “ఎవరూ పోలేదు మామ్మా. అందరం ఉన్నాం. పోయినేడు పురుగు తినేసింది, ఈ యేడు పంట ఇంటికొచ్చింది. ఎండలో ఒంగి కాయ కోసిన చేతులన్నీ ఇక్కడే ఉన్నాయి. స్తోత్రం చెప్పుకుని అన్నాలకి లేద్దాం” అన్నాడు. అంతే, అయిపోయింది. ఎప్పుడూ గంటకి తగ్గని ప్రసంగం! భోజనాల దగ్గర మైకు మామ్మ నాన్న చెయ్యి పట్టుకుని, “ఇన్నేళ్ళలో నిద్రపోకుండా విన్నది ఇదేనయ్యగారూ. ఇకనించి ఆ పుస్తకంలోంచే చెప్పండి” అంది. అమ్మ ముఖం పక్కకి తిప్పుకుని నవ్వడం నేను చూశాను.

సాయంత్రం నాన్న ఉబ్బిన కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని వరండాలో పడుకున్నాడు. పుస్తకం, కత్తెర తీసుకెళ్ళి, “నాకు ఎగ్జిబిషన్ వద్దులే నాన్నా, కత్తిరించేసుకో” అన్నాను. ఆయన గుడ్డ కొంచెం పైకెత్తి నన్ను చూసి, “ప్రసంగానిదేముందమ్మా, ఇంకోటి రాసుకుంటాను. ఇంత వంకరగా కుట్టడం మాత్రం మళ్ళీ ఎవరి వల్లా కాదు. జాగ్రత్తగా తీసుకెళ్ళు” అన్నాడు.

దాన్ని నేను పొగడ్తే అనుకున్నాను. సోమవారం బళ్ళో క్లాసంతా తిరిగి, “ఇలా కుట్టడం ఇంకెవరి వల్లా కాదంట, మా నాన్న చెప్పాడు” అని చాటింపు వేశాను. (టీచరు పుస్తకం తెరిచి, ఏకబిగిన ఏడు తుమ్ములు తుమ్మి, వెనక్కిచ్చేసింది. ఆవిడకి అభిరుచి లేదనుకున్నాను.) ఇప్పుడు పొదిలిలో నేనే టీచర్ని. వంకర కుట్టు పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని, మట్టిరోడ్డు మీద తల ఎగరేసుకుంటూ పోయే ఆ జడల పిల్ల ఒక్కోసారి కళ్ళ ముందుకొస్తుంది. ఆపి అసలు సంగతి చెబుదామా అనిపిస్తుంది. చెప్పను. పోనీ పాపం, బడికి వేళవుతోంది.