నెత్తురు రాని చిగురు

యాభై ఏళ్లు దాటేదాకా నాకు అక్షరాలు రావు. నేర్చుకున్నాక పేషెంట్ల చీటీలు చదవగలిగాను గానీ, నాలుగు వాక్యాలు రాయడానికి మరో రెండేళ్లు పట్టింది. అందుకే ఐదేళ్ల కిందటి సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

ఆబిడ్స్‌లో ఒక పళ్ల దవాఖానలో నేను ఆయాను. పనిముట్లు కడగడం, వచ్చినవాళ్లను వరుసగా లోపలికి పంపడం నా పని. ఆ సాయంత్రం ఇద్దరు మిగిలారు. డాక్టరమ్మకు ఒక్కరినే చూసే తీరిక ఉంది. ఒకతె నాంపల్లి హాస్టల్లో ఉండే డిగ్రీ పిల్ల. చిగుళ్లు ఎర్రగా ఉబ్బాయి, రుమాలంతా నెత్తుటి మరకలు. రెండో మనిషి యాదగిరి, గౌలిగూడలో పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదుతాడు. పై ముందుపన్ను కదులుతోందట. ఆ పన్ను ఆనితేనే క్లారినెట్ పలుకుతుంది.

"నెత్తురొస్తుందా అన్నా?"

"చుక్క రాదక్కా."

పెదవి ఎత్తి చూశాను. చిగురు ఎర్రగా లేదు, గట్టిగానే ఉంది.

"ఏం ఫికర్ లేదు. పెళ్లిళ్లు అయినంక రా."

"నీ నోట్ల చక్కెర వొయ్య" అని వెళ్తూ మెట్ల మీదే బీడీ ముట్టించాడు.

లోపల డాక్టరమ్మ ఆ హాస్టల్ పిల్ల చిగురుకూ పంటికీ మధ్య ప్రోబ్ పెట్టింది. అది లోతు కొలిచే సన్నని పుల్ల. తగిలితే చాలు నెత్తురు, కానీ లోతు లేదు.

"పళ్లు ఊడతాయా మేడమ్?"

"ఊడవు. ఇది జింజివైటిస్, పైపై వాపు. ఎముక బాగుంది. నెత్తురుకు భయపడి బ్రష్ మానకు."

పిల్ల వెళ్లాక యాదగిరి సంగతి గొప్పగా చెప్పాను. డాక్టరమ్మ గ్లవ్స్ తీస్తూ ఆగింది.

"బీడీ తాగుతడా?"

"ఔ."

"పాచి మీద ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరుగ తిరగబడుతది నర్సమ్మా. ఈ పిల్లకు వెంటనే వాపొచ్చింది. పొగ తాగేటోళ్లకు చిగుళ్లల్ల నెత్తురు పారుడు తగ్గుతది, ఎర్రబడదు. లోపల ఎముక కరుగుతనే ఉంటది. అది పెరియోడాంటైటిస్. పన్ను కదిలిందంటే శానా దూరం పోయింది. ఇప్పుడన్నా పట్టుకుంటే ఆగొచ్చు."

నెత్తురు లేకుంటే భయం లేదని అన్నేళ్లుగా ఎంతమందికి చెప్పి పంపానో. అప్పటినుంచి నెత్తురు కంటే ముందు బీడీ సంగతి అడుగుతున్నాను. నా అంతట నేను ఎవరినీ ఇంటికి పొమ్మనడం మానేశాను.

మర్నాడు పొద్దున్నే గౌలిగూడ పోయి బ్యాండు దుకాణం వెతికాను. యాదగిరి ఎర్రకోటు తొడుక్కుని చాదర్‌ఘాట్ పెళ్లికి బయల్దేరుతున్నాడు.

"ఏందక్కా, గీడిదాక వచ్చినవ్? నెత్తురు లేదు, ఫికర్ లేదంటివి గదా."

"తప్పు చెప్పిన. నెత్తురు లేదనే వచ్చిన, నడువు."

"పెళ్లున్నదక్కా."

"పన్ను పోతే ఏ పెళ్లిల ఊదుతవ్?"

కాసేపు నాలుకతో పన్ను తడుముకున్నాడు. తర్వాత క్లారినెట్ పక్కవాడి చేతికిచ్చాడు. దవాఖానకు తీసుకొచ్చి, ఎర్రకోటు మీదే ఏప్రన్ కట్టి, అందరికంటే ముందు కుర్చీలో కూర్చోబెట్టాను.